ఎదుటి కొసలు

దుప్పటి అంచును నడిమిన గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు బార్లా చాచి, కొసలు దగ్గరికి తెచ్చి ఒక్క విదిలింపు. మడత గీత గీసినట్టు పడింది. ఆసుపత్రి లాండ్రీలో ఆవిడది ఇరవై ఆరేళ్ల సర్వీసు. ఇద్దరు పట్టాల్సిన దుప్పట్లు రోజుకు రెండొందలు ఒక్కతే మడుస్తుంది. గొప్ప అని ఎవరూ అనలేదు. ఆసుపత్రికి వెళ్లినవాళ్లు దుప్పటి మడత చూస్తారా, పాపం!

అలాంటి మనిషి నవల రాసింది. భోజనాల వేళ, ఇస్త్రీ బల్ల చివర కూర్చుని, నాలుగేళ్లు రాసింది. కథానాయికదీ లాండ్రీ పనే. "నాకు తెలిసిన బతుకు ఇదొక్కటేగా. దాన్ని రాజకుమార్తెను చేస్తే నాకే నవ్వొస్తుంది" అనేది తోటివాళ్లతో.

ఇవాళ తాడో పేడో తేలాలి. పని దిగగానే, ఒంటి మీద సబ్బు వాసనతోనే, ముందే రాతప్రతి ఇచ్చి వచ్చిన ప్రచురణకర్త గదికి వెళ్లింది.

"బాగా రాశారమ్మా, వేసేద్దాం" అన్నాడాయన. "ఒక్కటే తిరకాసు. ఆఖర్న అంత పెద్ద దుప్పటి ఆమె ఒక్కతే మడుస్తుందా? ఎవరు నమ్ముతారు? ఎదురుగా ఇంకొకామెను నిలబెట్టండి. లేకపోతే వేయడం కష్టం."

పరిచిన పక్క మీద పడుకోవడమే తప్ప మడత పెట్టి ఎరగని మనిషి!

ఊ అంటే చాలు, పేరు అచ్చులో పడుతుంది. ఆవిడ ఊ అనలేదు. లేచి, బల్ల మీది కాగితాలన్నీ కుర్చీలోకి చేర్చి, బల్లనిండా పరిచిన గుడ్డను సర్రున లాగింది.

"అమ్మా, అమ్మా, ఏంటిది?"

గడ్డం, చేతులు, విదిలింపు. మళ్లీ ఇంకోసారి. అంచు మీద అంచు కూర్చుంది.

"ఎదుటి కొసలు మా వదిన పట్టేదండి. పందొమ్మిదేళ్లు. ఒక పొద్దున రాలేదు. నిద్దట్లోనే పోయింది. ఆ రోజూ దుప్పట్లు వచ్చాయి కదా, గడ్డంతో పట్టాను. నా పుస్తకంలోని పిల్ల కూడా అంతే. ఆ చోట ఇంకొకర్ని నిలబెట్టను. వేస్తే వేయండి, లేకపోతే మానేయండి."

గర్వమా? గర్వమే. ఇన్నేళ్లు ఆ పని చేసిన మెడకు ఆ మాత్రం ఉండొద్దూ!

రాతప్రతిని అక్కడే పెట్టేసి బయటికి నడిచింది. సగం మెట్లు దిగాక వెనక నుంచి కేక వినపడింది.

"ఒక్క ముక్క కూడా మార్చనండీ! అలాగే వేస్తాను!"

ఆవిడ తిరిగి చూడలేదు. చూస్తే ఏడుపు బయటపడుతుంది. తలెత్తుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

పైన, బోసిపోయిన బల్ల మీద, నలుచదరంగా మడిచిన గుడ్డ, దాని మీద రాతప్రతి ఉన్నాయి.