దోహా నుంచి వచ్చిన క్రీము

"వీడియో కాల్‌లో నీకంటే ముందు నీ మంగు మచ్చలే కనపడుతున్నాయి. ఇది రాసుకో, ఏరి కోరి తెచ్చేను," అంటూ నాగసతీష్ దోహా నుంచి తెచ్చిన ట్యూబు పెళ్ళాం చేతిలో పెట్టాడు. భవాని అంట్లు తోముతున్న చెయ్యి కొంగుకి తుడుచుకుని అందుకుంది. ఆ మచ్చలు పాప కడుపులో ఉన్నప్పుడు వచ్చినవని అతనికి తెలియదు. తెలియడానికి ఆ తొమ్మిది నెలలూ ఇక్కడుంటేగా.

ట్యూబు మీద రెటినాల్ అని చదివి లోపల్లోపలే నవ్వుకుంది. రాజోలు మందుల షాపు కౌంటర్లో నిలబడి తను రోజూ అప్పజెప్పే పాఠమే ఇది. 'ఎ' విటమిన్ రకం మందండీ, మచ్చలు పల్చబడతాయి, చర్మం నునుపు తేలుతుంది, రాత్రిపూట బఠాణీ గింజంతే రాయండి, పగలు సన్‌స్క్రీన్ లేకుండా ఎండలోకి వెళ్ళకండి, మొదట్లో పొట్టు లేస్తే కంగారు పడకండి. ఆఖర్న గొంతు తగ్గించి అడిగేది ఇంకోటుంది. కడుపుతో ఉన్నారా, పిల్లల కోసం చూస్తున్నారా? అయితే వద్దండీ.

ఆ ఆఖరి మాటే ఇప్పుడు ఆమెకి ఆసరా అయింది. కొడుకు నలభై రోజుల సెలవు పెట్టి వచ్చిందే మగపిల్లాడి కోసమని అత్తగారు అచ్చమ్మ వీధంతా చెప్పేసింది. మొదటి కాన్పులో రక్తం ఆగక మూడు సీసాలు ఎక్కించిన సంగతి మాత్రం ఆవిడ నోట రాదు. ఆ రోజు కాన్పు బల్ల మీద స్పృహ తప్పుతున్న భవానికి వినపడింది ఒకటే, "ఆడపిల్లంట" అని ఆవిడ ఫోన్లో ఏడవడం. మళ్ళీ ఆ బల్ల ఎక్కాలంటే భవానికి చచ్చేంత భయం. భయమని చెప్పుకోనివ్వని ఈ ఇల్లంటే అంతకంటే కోపం. అందుకే రోజూ భోజనాలయ్యాక మొగుడి ఎదుటే క్రీము రాసుకుని, "ఇది వాడినన్నాళ్ళూ పిల్లలు వద్దంటారండీ, కాయితంలో కూడా రాశారు," అనేది. తెచ్చింది తనే కాబట్టి నాగసతీష్ అటు తిరిగి పడుకునేవాడు. అలా పన్నెండు రోజులు నెట్టుకొచ్చింది.

పదమూడో రోజు అన్నాలు వడ్డిస్తుంటే అచ్చమ్మ తేల్చేసింది.

"ఆ పూతేదో మానిపించరా. అద్దంలో మొహం చూసుకుంటా కూచుంటే వంశం నిలబడుద్దా?"

నాగసతీష్ విసుక్కోలేదు. విసుక్కుంటేనే బావుండేది. లేచి వెళ్ళి అలమారలోంచి ట్యూబు తీసి చెత్తబుట్టలో పడేసి వచ్చాడు.

"మానెయ్ భవానీ. మచ్చలున్నా నాకేం ఫరవాలేదులే, అలవాటైపోయేయి."

ఎంతో పెద్ద మనసు చేసుకున్నవాడిలా నవ్వాడు. "అదీ, నా కొడుకంటే," అంది అచ్చమ్మ.

తల్లీకొడుకులిద్దరూ భవాని నోట 'ఆయ్, అలాగేనండి' అనే మాట కోసం చూస్తున్నారు. కాపరానికి వచ్చిన ఆరేళ్ళలో ప్రతిదానికీ ఆమె చెప్పిన జవాబు అదే. దాక్కోవడానికి ఇప్పుడు క్రీము కూడా లేదు. చేతిలో గరిటె పప్పుగిన్నెలో పెట్టేసి, నిలబడే చెప్పింది.

"పారేస్తే పారేశారు లెండి. అది రాసినా, మానినా, నేను మాత్రం మళ్ళీ కననండి."