బిగువు మీద ఆగిన సాంచలు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. సిరిసిల్లలో ఎల్లన్న కార్ఖానా నుంచి బడిపిల్లల అంగీల బట్ట ఆ వారమే పోవాలి. తాన్లు పరీక్షించేది ఆయన కోడలు ప్రేమలత. జగిత్యాలలో డిగ్రీ చదివింది. కింద ట్యూబులైటు వెలిగే అద్దపు బల్ల మీద బట్ట పరిచి, అంగుళం గడి ఉన్న మడత భూతద్దం పెట్టి, సూదిమొనతో అడ్డపోగులు లెక్కపెడుతుంది. తప్పు దొరికిన చోట అంచుకు ఎర్రదారం కడుతుంది.

ముసలి నేతగాడు గంగయ్య నేసిన తానులో అడ్డంగా సన్నని గీత కనిపించింది. అక్కడ పోగులు పలచబడ్డాయి. ఊరికే చూస్తే తెలియదు కానీ, రంగు వేశాక పట్టీలా తేలుతుంది. ఆమె దారం కట్టింది.

"నేనంటనే ఉన్న. ముసలోనికి కండ్లు పోయినయి," అన్నాడు ఎల్లన్న. "రేపటిసంది ఆ సాంచలు సురేందర్‌కు ఇస్త."

ఆ మరమగ్గాలు పోతే గంగయ్యకు ఈ వయసులో ఏ కార్ఖానాలోనూ పని దొరకదు.

"కండ్లు గాదు ఎల్లన్నా," అన్నాడు గంగయ్య. "మొన్న ర్యాలీ అచ్చినప్పుడు కరెంటు మెయిన్ గుంజింది నువ్వే గద. పడుగు వదులు జేస్తమంటే ఆగనిచ్చినవా?"

"తెలంగాణ కోసం పిలిస్తే పడుగు ముచ్చట జెప్తవా!"

పక్క సాంచలు నడిపే సురేందర్ నవ్వాడు. "గంగయ్య మామా, నువ్వు జై తెలంగాణ అని ఒర్లితే పోగులే బెదిరినయి గావచ్చు."

సాంచ ఆగితే పడుగు, అంటే నిలువు పోగుల, బిగువు వదిలించి పోవడం నేతవాళ్ల పద్ధతి. బిగువు మీదే చాలాసేపు ఉంటే దారాలు సాగి, మళ్లీ నడిపిన చోట గీత పడుతుంది. ఆ రోజు డప్పులు వినపడగానే ఎల్లన్న అందరినీ బయటికి తోలడం ప్రేమలత చూసింది. జెండా పట్టుకుని ముందు నడిచింది ఆయనే.

"మామా, సురేందర్ తాను విప్పుత," అంది.

"అది చూసిందే గద?"

"చూడలే. జల్ది మడత పెట్టుమన్నవ్, పెట్టిన."

ఆ తానులోనూ గీత ఉంది. సురేందర్ నవ్వు ఆగిపోయింది. ఆమె మిగతావి కూడా విప్పింది. అన్నిట్లోనూ అదే గీత. అన్నిటికీ దారాలు కట్టింది.

"సరుకంత ముంచుతవా కోడలా? ఆ దారాలు ఇప్పు. ఎవడు చూస్తడు?"

"అద్దకం కాడ చూస్తరు."

"గంగయ్యదానికి గూడ ఇప్పు. ఆయన సాంచలు ఆయనకే ఉండనియ్యి. సరేనా?"

గంగయ్య ఆశగా ఆమె చేతుల వైపు చూశాడు. ఆమె దారం ముట్టలేదు.

"ఉన్న గీతను లేదని ఎట్ల జెప్త మామా? కండ్లదే తప్పయితే గాయన తానులనే ఉండాలె. అందరికీ ఉన్నది. అందరివి గుంజుకుంటవా?"

ఎల్లన్న ఒక తాను అంచు పట్టుకుని బల్ల వెలుతురులో గీతను చూశాడు.

"గీతల కాడికి కోసి తుండ్లు జెయ్యుండ్రి. లంగల బట్టకు పోతయి," అన్నాడు చివరికి. "అంగీలది మళ్ల నేద్దం. ఆలస్యమైతదని ఆర్డరిచ్చిన సేటుకు నేను జెప్పుకుంట. గంగయ్యా, పోయి నీ సాంచలు సూసుకో."

గంగయ్య కదల్లేదు. "మరి నా కండ్ల ముచ్చట?"

ఎల్లన్న కత్తెర కోసం వెతికాడు. ప్రేమలత అందించింది.