సగం చేతి దగ్గర ఆగిన కోటు

అత్త దర్జీ. సాయంత్రం పని ఆపాలంటే కుట్టు మధ్యలోనే ఆపుతుంది. "చివరిదాకా కుట్టేస్తే పొద్దున్నే చేతికి దారి తోచదే" అంటుంది. కొడుకు కంప్యూటర్ కొనిచ్చి, కత్తిరింపు గీతలు అందులో గీయడం నేర్పాక అక్కడా అదే తంతు. ఏ బొమ్మకూ పేరు పెట్టదు, ఏదీ మూయదు. యంత్రాన్ని నిద్రపుచ్చి లేచిపోతుంది.

కోడలు బడి పంతులమ్మ. ఊడ్చే ముందు ఇంట్లో ప్రతి స్విచ్చీ ఆపందే చీపురు పట్టదు. ఆదివారం పొద్దున అత్త గుండీలు కొనడానికి వెళ్ళగానే కంప్యూటర్ గోడ స్విచ్చి టక్కున నొక్కింది.

తిరిగొచ్చిన అత్త నల్లటి తెర చూసి కుర్చీలో కూలబడింది.

"అమ్మాయ్! లారీ డ్రైవర్ కోటు!"

ఆ డ్రైవరుకి ఎడమ భుజం రెండు వేళ్ళు కిందికి. ఏ కోటు తొడిగినా చిలక్కొయ్యకి తగిలించినట్టే ఉంటుంది. గురువారం అతని పెళ్ళి. మనిషేమో లోడుతో వెళ్ళాడు, బుధవారం గానీ రాడు. గుడ్డ ఈరోజే కత్తిరించాలి.

"కొలతలు పుస్తకంలో రాసుకోలేదా అత్తయ్యా?"

"కొలతలుంటే సరా? తొమ్మిది రోజులు దిద్దిన వంపు పుస్తకంలో ఉంటుందా?"

కోడలు గబగబా వెళ్ళి స్విచ్చి వేసింది. యంత్రం గురగురమని లేచి, ఆగిపోయిన పనులు మళ్ళీ తెరవాలా అని అడిగింది.

"అడుగుతుందేమిటే, పెళ్ళివారిలా! తెరవమను!"

ఒకటి వెనక ఒకటి నలభై ఒక్క బొమ్మలు. దేనికీ పేరు లేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటే చూశారు.

"ఈ ప్యాంటు ఎవరిది? నడుము దగ్గర నాలుగు గీతలున్నాయి."

"పోస్టుమాస్టరుది. ఏటా ఒక గీత."

"ఈ బస్తా?"

"నీ మొగుడి నిక్కరు."

కోడలు పకపకా నవ్వింది. అత్త నవ్వు ఆపుకోబోయి, చేతకాక తనూ నవ్వేసింది. నవ్వుతూనే ముప్ఫై ఎనిమిదో బొమ్మ దాకా వచ్చారు. ఒక భుజం వాలి ఉంది. ఆ వాలును మింగేసే వంపు చెక్కు చెదరలేదు. ఎడమ చెయ్యి గీత మోచేతి దగ్గర ఆగి ఉంది.

"ఉందే!" అంది అత్త. "ముందు దీనికో పేరు పెట్టవే తల్లీ. నీ పుణ్యమా అని నా బీపీ కూడా తెరుచుకుంది."

మధ్యాహ్నానికి గుడ్డ తెగింది. మంగళవారానికి కోటు నిలబడింది.

బుధవారం డ్రైవరు అద్దం ముందు ఆ పక్కకీ ఈ పక్కకీ తిరిగాడు. రెండు భుజాలూ తక్కెడ కాడలా సమంగా ఉన్నాయి. చేతులు చాచాడు, దించాడు, మళ్ళీ చాచాడు.

"విప్పు బాబూ, మడతపెట్టి ఇస్తాను" అంది కోడలు.

"ఉండండక్కా" అంటూ అతను కోటుతోనే వెళ్ళి లారీ ఎక్కి, వీధి మలుపు దాకా హారన్ కొడుతూనే పోయాడు.