నీళ్లు తాగే మూల

రాజరత్నం పరీక్ష గుంత పక్కన గొంతుక్కూర్చుని, నీళ్లలో నిలబెట్టిన గీతల బద్దను చూస్తున్నాడు. నీటిమట్టం ఒక్కో గీతా వదిలి కిందికి జారుతోంది. పొద్దున గేటు దగ్గర తవ్వించిన గుంతలో నీళ్లు పోసినవి పోసినట్టే నిలబడ్డాయి. అక్కడంతా జిగటమట్టి. వెనక గోడ మూలలో మాత్రం నేల గటగటా తాగేస్తోంది.

ఢిల్లీ అంతటా ఏషియాడ్ ఆటల పోటీల పనులు సాగుతున్న ఏడాది అది. మునిర్కా పక్కన ఆ ఖాళీ జాగాలో నాలుగంతస్తుల ఆఫీసు కట్టబోతున్నారు. దగ్గర్లో వానకాలవ లేదు కనుక, డాబా మీద పడ్డ నీళ్లన్నీ ఈ మూలలో తవ్వే ఇంకుడు గుంతలోకి పోవాలి. ఆ డిజైను సరిచూసి పైకి పంపడం రాజరత్నం పని. మోచేతుల దగ్గర పల్చబడిన తెల్లచొక్కా, ఎండకు కమిలిన మెడ, సిరా మరక పడ్డ జేబు. ఎవరేం అడిగినా ఆయన నోట వచ్చేది ఒకటే మాట, “చూద్దాంలే.”

“సాబ్, నేల చానా దాహం ఉంది,” అన్నాడు కూలీల లెక్క చూసే మున్షీ త్యాగీ. పాలమూరు కూలీలను తిప్పీ తిప్పీ వచ్చీరాని తెలుగు పట్టుబడిందతనికి. “పాస్ చేసేయ్. నీళ్లకి పెళ్లిచూపులు ఎంతసేపు?”

రాజరత్నం నవ్వాడు. పాస్ చేసే ఉద్దేశంతోనే బద్ద పైకి తీశాడు.

మున్షీ అటు వెళ్లగానే, నీళ్లు పోస్తున్న కూలిమనిషి చెన్నమ్మ బిందె కింద పెట్టింది.

“సారూ, ఈడ మస్తు లోతు తవ్వుతరా?”

“పన్నెండడుగులమ్మా.”

“ఈడ నా బిడ్డున్నది.”

ఆయనకు వెంటనే అర్థం కాలేదు.

“పోయిన వానకాలంల ఆ పక్క బిల్డింగు కట్టినం. బిడ్డకు జరమొచ్చి పోయింది. గప్పుడిదంత ఉత్త జాగనే. నేను, మా ఆయన తవ్వి పెట్టినం. ఇయ్యాల గుంత నన్నే తవ్వమన్నరు, జర పక్కకు తవ్విన. మెత్తమట్టి సారూ, అందుకే నీళ్లు గట్ల గుంజుతున్నది.” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “తవ్వనియ్యకు సారూ.”

రాజరత్నం తడిమట్టి వైపు చూశాడు.

“చూద్దాంలేమ్మా,” అన్నాడు.

పెళ్లైన కొత్తలో, ఏలూరు ఆసుపత్రిలో, కన్ను తెరవకుండానే పోయిన బిడ్డను ఎక్కడ పెట్టారని భార్య జయకుమారి అడిగినప్పుడు కూడా ఆయన తర్వాత చెబుతాలే అన్నాడు. ఆ ‘తర్వాత’ ఇంతవరకూ రాలేదు. ఇప్పుడామె ఢిల్లీ ఆసుపత్రిలో నర్సు. పిల్లల వార్డులో డ్యూటీ వేస్తే ఎవరితోనైనా మార్చుకుంటుంది. ఎందుకని ఆయనెప్పుడూ అడగలేదు.

ఆఫీసుకు వచ్చి రాజరత్నం టీకి కూడా లేవలేదు. పెన్సిలుతో ఇంకుడు గుంతను పక్క గోడ మధ్యకు జరిపాడు. పైపు వంపు మార్చాడు. అక్కడా పైన జిగటమట్టే ఉంటుంది కనుక, అడుగున ఇసుక తగిలేదాకా బోరు వేయించమని రాశాడు.

“ఎందుకయ్యా ఇదంతా?” అన్నాడు పై ఇంజనీరు.

“ఆ మూల తవ్వి పూడ్చిన మట్టి సార్. నీళ్లు దిగితే గోడ కుంగుతుంది.”

అదీ నిజమే. ఇంజనీరు సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇంటికి జనక్‌పురి బస్సు ఎక్కవలసిన మనిషి మునిర్కా బస్సు ఎక్కాడు. తవ్వరమ్మా, నీ బిడ్డ జోలికి ఎవరూ రారు, అని దారిపొడవునా లోలోపల అనుకుంటూనే ఉన్నాడు. ఇంటికెళ్లాక జయకుమారితో కూడా మాట్లాడాలనుకున్నాడు.

సైటు దగ్గర పొయ్యిల పొగ లేదు. త్యాగీ ఒక్కడే మంచం మీద బీడీ కాలుస్తున్నాడు.

“కూలీలేరి?”

“నోయిడా పోయినారు సాబ్. అక్కడ స్లాబు అర్జెంటు. మధ్యాహ్నం లారీ వచ్చింది.”

“చెన్నమ్మ కూడానా?”

“ఆమె లారీ ఆపింది సాబ్! పార పట్టి ఆ మూలకి పోయింది. చిన్న మూట తెచ్చింది. ఏం మూట అంటే పార ఎత్తింది నా మీదకి. పాగల్ ఔరత్, పిచ్చిది.”

రాజరత్నం వెనక గోడ దగ్గరికి నడిచాడు. పరీక్ష గుంత పక్కనే కొత్తగా తవ్విన గొయ్యి. అందులో ఏమీ లేదు. గోడ నీడ దాని మీదికి పాకుతోంది. ఆయన వంగి చూశాడు. గొయ్యి అంచున, తడి మట్టిలో సగం దిగబడి, పసిపిల్లల చేతికి కట్టే నల్లపూస ఒకటి ఉంది.