అక్కడ కలవని చిన్న ఫోన్

దివాకర్ దుబాయ్ విమానం ఎక్కి పదహారు రోజులైంది. చేరిన కబురు ఇంకా ఇంటికి రాలేదు.

చేరగానే ఫోన్ చేసి మాట్లాడాలన్న ఒప్పందమేమీ అతనికీ భార్య వనితకూ మధ్య లేదు. రెండు రింగులు ఇచ్చి కట్ చేస్తే చాలు. ఆ అలవాటు సిరిసిల్లలో మొదలైంది. పెళ్లయిన కొత్తలో దివాకర్ అక్కడ సాంచెలు నడిపేవాడు. ఒకే షెడ్డులో ఇరవై మరమగ్గాలు ఆడుతుంటే పక్కన నిలబడ్డవాడి మాటే వినపడదు, ఫోన్లో పెళ్లాం మాటేం వినపడుతుంది? అంగీ జేబులో ఫోన్ వణికితే తెలిసేది, అంతే. ఒక రింగయితే తిన్నానని. రెండయితే బాగున్నానని. మూడు మోగితే ఏదో జరిగింది, బయటికి వచ్చి మాట్లాడమని. వారానికి ఒకరోజు చందుర్తి దగ్గరున్న తమ ఊరికి వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ రింగులతోనే కాపురం నడిచింది.

"మీ మొగడు పెండ్లాలది తార్ ఆఫీసు లెక్కున్నదే," అని అత్త చంద్రవ్వ నవ్వేది.

తర్వాత సాంచెలకు పని తగ్గింది. వారంలో నాలుగు రోజులు, ఆ తర్వాత రెండు రోజులు, చివరికి షెడ్డుకు తాళం. దివాకర్ మూడు నెలలు అటూ ఇటూ తిరిగి, పాస్‌పోర్టు తీసుకున్నాడు.

పోయే ముందు రోజు ఇంట్లో ఫోన్ల పంచాయితీ నడిచింది. వాళ్లకున్నవి రెండే. ఒకటి వేలితో తోసే పెద్దది, ఒకటి బటన్ల చిన్నది.

"పెద్దది నువ్వు తీస్కపో," అంది వనిత.

"నేనేం జేస్కోను? సైటు మీద కిందవడితే పలుగుతది. చిన్నదానికి నాలుగు రోజులు చార్జింగ్ ఉంటది. మొదటి జీతం రాంగనే అక్కడ్నే ఒకటి కొంట. అప్పుడు నన్ను సూసుటానికి నీ దగ్గర పెద్దది ఉండాలె గదా."

ఆమె ఇంకొక్కసారి అని ఊరుకుంది. గట్టిగా అనలేదు. నిజానికి ఆ పెద్ద ఫోన్ అంటే ఆమెకు ఇష్టం. దాన్ని చాట అంచుకు ఆనించి పెట్టుకుని, బీడీలు చుడుతూ కుట్టుపని చూసి నేర్చుకునేది. ఆ చిన్న ఇష్టమే ఇప్పుడు ముల్లులా లోపల తిరుగుతోంది. గట్టిగా అని ఉంటే తీసుకుపోయేవాడేమో.

అతని నంబరుకు చేస్తే అందుబాటులో లేదనే వస్తోంది. ఏజెంటుకు చేసింది. "కంపెనీ బండచ్చి తీస్కపోయిందమ్మా. నీ మొగడేమన్న శిన్న పిల్లగాడా తప్పిపోనీకి?" అన్నాడతను. మర్నాటి నుంచి ఎత్తడం మానేశాడు. పక్క ఊరి ఏసయ్యను కూడా ఇట్లాగే కంపెనీ పని అని తీసుకుపోయి, ఎడారిలో ఒంటెల దగ్గర వదిలిపెట్టారు. ఏడు నెలలు మాటా మంచీ లేదు. తిరిగి వచ్చాక కూడా అతను మనుషులతో సరిగా మాట్లాడలేదు. వనిత ఆకు కత్తిరిస్తున్నా, దారం చుడుతున్నా ఏసయ్యే గుర్తొచ్చేవాడు.

చంద్రవ్వ కోడలిని ఏమీ అడిగేది కాదు. అన్నం పెట్టేటప్పుడు ఫోన్ తెచ్చి కంచం పక్కన పెట్టేది. ఆమె కంచంలో మాత్రం రోజుకింత అన్నం తగ్గుతూ వచ్చింది. పదహారో రోజు పొద్దున ఆమే అంది.

"కోరుట్ల పోయిరా బిడ్డా. ఆ సిమ్ముకు పైసలేసినోళ్లనే అడుగు. బీడీలు కార్ఖానకు నేను తీస్కపోత."

"ఎండ గొడ్తున్నది అత్తా."

"ఎండ నాకు కొత్తనా? పోయిరా."

కోరుట్ల బస్టాండు దగ్గర హబీబుద్దీన్ ఫోన్ల దుకాణం. గల్ఫ్‌కు పోయేవాళ్లందరూ అక్కడే రోమింగ్ ప్యాక్ వేయించుకుంటారు. ఆయన మధ్యాహ్నం నమాజుకు పోతే కూతురు హుమేరా కౌంటర్ మీద ఉంటుంది. దివాకర్ సిమ్ముకు ప్యాక్ వేసింది కూడా ఆమే.

వనిత నంబరు చెప్పింది. హుమేరా తన ఫోన్లో ఏదో నొక్కి చూసి, కనుబొమలు ముడిచింది.

"ప్యాక్ ఏసింది ఏసినట్టే ఉన్నది వదినా. ఒక్క నిమిషం గూడ వాడలే. అంటే అసలు అక్కడ దిగనే లేదు."

వనిత చేయి కౌంటర్ అద్దం మీదికి పోయింది. "దిగలేదా?"

"అయ్యో, అన్న గాదు! సిమ్ము, సిమ్ము. అన్న దిగే ఉంటడు. కూసో వదినా, ముందుగాల కూసో." హుమేరా గబగబా స్టూలు జరిపి, నీళ్ల సీసా చేతికిచ్చింది. "నా మాట పాడుగాను. ఇట్లనే అంటనని మా అమ్మ రోజు తిడ్తది. నీళ్లు తాగు. అన్న ఏ ఫోన్ల ఏస్కపోయిండు సిమ్ము?"

"చిన్నదాంట్ల."

"బటన్లదాంట్లనా?"

హుమేరా లేచి అలమారలోంచి అలాంటిదే ఒక డబ్బా తీసింది. వెనక్కి తిప్పి సన్నటి అక్షరాల మీద వేలు పెట్టి చదివింది.

"సూడు వదినా. గీ ఫోన్ రెండే బస్సులెక్కుతది అనుకో. తొమ్మిదొందల నంబరు ఒకటి, పద్దెనిమిదొందల నంబరు ఒకటి. అవి గూడ టూజీ అనే పాత డిపో బస్సులు. మన దిక్కు అవింక తిరుగుతున్నయ్. దుబాయ్‌ల ఆ డిపో మూసేసిండ్రు. రోమింగ్ ప్యాక్ అంటే టికెటు. టికెటైతే నేను ఇచ్చిన. బస్సే రాకపోతే మనిషి ఏం జేస్తడు? టికెటు పట్టుకొని స్టాండ్ల నిలవడుడే."

"అంటే ఫోన్ మంచిగనే ఉన్నదా?"

"మంచిగున్నది. అన్న గూడ మంచిగనే ఉండొచ్చు. దానికక్కడ దారి లేదు, గంతే." హుమేరా డబ్బాను అటూ ఇటూ తిప్పింది. "ఏ ఫోన్ల ఏస్తున్నవన్నా అని ఒక్కమాట అడగాల్సుండె. ఆ రోజు దుకాణం నిండ గిరాకి. అడగలే."

ఆమె ముఖం చూసి వనితకే జాలేసింది. కానీ లోపలి భయం ఇంకా దిగలేదు.

"ఫోన్ కలవకపోతే పక్కోళ్లను అడిగి చెయ్యొచ్చు గదా హుమేరా? పదారు రోజులాయె. గంత మందిల ఒక్కలన్న ఇయ్యరా? ఇయ్యలేదంటే మందిలనే లేడేమో. ఏసయ్య లెక్క..."

"కొత్త నంబర్లేమన్న అచ్చినయా నీకు?"

"రాలే. ఫోన్ చేతులనే పెట్టుకుంటున్న."

"ఇటియ్యి ఒకపారి. ఈ మధ్య ఊర్లల్ల అందరికి మోసం ఫోన్ల భయం పట్టింది. కొత్త నంబర్ కనవడితె సాలు, బందు వెట్టుకునుడే."

హుమేరా ఫోన్ తీసుకుని రెండు మూడు చోట్ల నొక్కి, కౌంటర్ మీద పెట్టి వనిత వైపు తిప్పింది. తొమ్మిది వందల డెబ్బై ఒకటితో మొదలయ్యే ఒక నంబరు. దాని కింద ఒకటే వరుస. నిన్న సాయంత్రం ఆరున్నర. మొన్న ఆరు ముప్పై రెండు. అటు మొన్న ఆరున్నర. వేలితో తోస్తే ఇంకా కిందికి పోతోంది. మొత్తం పద్నాలుగు.

"ఇది దుబాయ్ నంబర్ వదినా. అచ్చినయి అచ్చినట్టే ఆపేస్తున్నది నీ ఫోన్. ఎవలు బందు వెట్టిండ్రు దీన్ని?"

వనితకు గుర్తొచ్చింది. దివాకర్ పోయిన రెండో రోజు, తను ఫోన్ ఇంట్లోనే వదిలి కార్ఖానాకు పోయి వచ్చేసరికి చంద్రవ్వ గడపలోనే కూర్చుని ఉంది. "దొంగ ఫోనొకటి అచ్చిందే," అని గర్వంగా చెప్పింది. "ఏందో పొడూగు నంబరు. రొండుసార్లు మోగి ఊకున్నది. ఎత్తితె బ్యాంకుల పైసలు పోతయని సంఘం మీటింగుల చెప్పిండ్రు గదా. పక్కింటి కుమార్‌ను పిలిచి మల్ల రాకుంట బందు వెట్టిచ్చిన." ఆ రోజు వనితే మెచ్చుకుంది. "మంచి పని జేసినవ్ అత్తా," అంది. రెండుసార్లు మోగి ఊరుకుందన్న మాట చెవిన పడింది కానీ, తన మనసంతా దివాకర్ నంబరు మీదే ఉంది. వేరే నంబరు నుంచి కూడా అతను రెండు రింగులు ఇవ్వగలడని తట్టనేలేదు.

"చేద్దామా?" అడిగింది హుమేరా. "ఇప్పుడు మూడయితున్నది. వాళ్లకు ఒకటిన్నర. ఎండకాలం గదా, ఈ టైముల పని ఆపి నీడకు కూసుంటరు. దుబాయ్‌ల పనిజేసే మా సల్మాన్ భాయ్ గూడ ఇప్పుడే చేస్తుండె." వనిత తలూపకముందే ఆ నంబరు బందు తీసి, విదేశాలకు మాట్లాడే ప్యాక్ వేసి నొక్కేసింది.

నాలుగు రింగుల తర్వాత ఎవరో బొంగురు గొంతు. ఉర్దూ. హుమేరా సలాం చెప్పి, ఇండియా నుంచని, దివాకర్ ఇంటివాళ్లమని చెప్పింది. అవతలి మనిషి ఒక్కసారిగా నవ్వడం వనితకూ వినిపించింది. తర్వాత అతను చాలా సేపు మాట్లాడాడు. హుమేరా చేయి అడ్డం పెట్టి తెలుగులో చెప్పుకొచ్చింది.

"వాళ్లను సైటుకు తోలే బస్సు డ్రైవరట, పఠాన్. రోజు బస్సు దిగంగనే అన్న ఈయన ఫోన్ అడుగుతడట. రొండు రింగులిచ్చి మల్ల చేతుల వెడ్తడట. 'అరే, రొండు నిమిషాలు మాట్లాడు, నేనేమన్న అన్ననా' అంటె వద్దంటడట. 'వాళ్లకు సమజయితది ఖాన్ భాయ్' అంటడట. గిసుంటి మనిషిని సూడలేదంటున్నడు." ఆమె ఫోన్ వనిత చెవికి ఆనించింది. "అన్నను పిలుస్తున్నడు. మాట్లాడు."

అవతల ఎవరో పరుగెత్తుకుంటూ వస్తున్న చప్పుడు.

"హలో? వనితా? ఏమైంది? అమ్మ... అమ్మ మంచిగున్నదా?"

ఇంటి నుంచి ఫోన్ వచ్చిందంటే చెడే జరిగి ఉంటుందని అతనికి తట్టింది. వనిత ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుంది.

"వనితా! మాట్లాడు!"

"అమ్మ మంచిగున్నది. అందరం మంచిగున్నం. నువ్వో?"

అటు నుంచి పెద్ద ఊపిరి. "నాకేమైంది? రోజు రొండు రింగులిస్తనే ఉన్న గదా. అస్తున్నయి గదా?"

వనిత కౌంటర్ మీది డబ్బాను చూసింది. రావడం లేదని చెబితే ఈ పద్నాలుగు సాయంత్రాలనూ అతను మళ్లీ మొదటినుంచి మోయాలి. చెప్పకపోతే ఒక్క అబద్ధం, అంతే.

"అస్తున్నయ్," అంది.

"మరెందుకు జేసినవ్?"

"ఊకెనే. గొంతు ఇందామని."

వెనక ఎవరో ఏదో హాస్యమాడారు, పదిమంది నవ్వారు. దివాకర్ పక్కకు నడిచినట్టున్నాడు, నవ్వులు దూరమయ్యాయి.

"నేనొక తప్పు జేసిన వనితా," అన్నాడు మెల్లగా. "చిన్న ఫోన్ కరాబు జేసిన. ఎయిర్‌పోర్టుల బెల్టు మీదికెల్లి కిందవడ్డది. గప్పటిసంది సర్వీస్ లేదనే సూపెడ్తది. పొద్దుమీకి రూం మీదికెక్కి, అటు తిప్పి ఇటు తిప్పి సూత్త. రాదు. నువ్వు పెద్దది తీస్కపొమ్మంటివి, నేనే ఇనకపోతి."

వనితకు కన్నీళ్లూ నవ్వూ కలిసి వచ్చాయి. "కరాబు గాలే. కిందవడకపోయినా సర్వీస్ రాకపోయేది. దానికి సరిపోయే టవర్లు అక్కడ తీసేసిండ్రట. నీ తప్పేం లేదు."

"నిజంగనా?"

"హుమేరా చెప్పింది. డబ్బా మీద రాసున్నది."

"ఓ యమ్మా," అన్నాడు. ఆ ఒక్క మాటలో అతని భుజాలు దిగడం ఆమెకు కనిపించినట్టే అయింది. ఆ తర్వాత ఎండ గురించి రెండు ముక్కలు, వానల గురించి రెండు ముక్కలు. అద్దాలు తుడుస్తున్నట్టు నటిస్తున్న హుమేరా తుడిచిందే తుడుస్తోంది. ఖాన్ భాయ్ బస్సు హారన్ కొట్టేదాకా ఫోన్ చెవిన పెట్టుకుని ఇద్దరూ అలాగే ఉన్నారు.

లేచి పోబోతూ వనిత ఆగింది. "హుమేరా, గీ పెద్దది అక్కడ కలుస్తదా?"

హుమేరా వివరాలు తీసి చూసింది. "కలుస్తది. అక్కడి కొత్త బస్సులన్ని ఎక్కుతది ఇది. మా సల్మాన్ భాయ్ సెలవు అయిపోయి శుక్రవారం పోతున్నడు. పంపుతవా?"

"పంపుత."

"మరి నీకు?"

"మన దిక్కు పాత బస్సులు తిరుగుతున్నయంటివి గదా. గసుంటి చిన్నదొకటి నాకియ్యి. నంబరు మాత్రం గిదే ఉండాలె."

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆటో చప్పుడు విని చంద్రవ్వ చాట పక్కన పెట్టి లేచింది. కానీ ముందుకు రాలేదు. కోడలి ముఖం చూడటానికి భయపడ్డట్టు, గుంజ పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

"మాట్లాడిన అత్తా. మంచిగున్నడు."

చంద్రవ్వ గుంజ వదలకుండానే కిందికి జారి కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వనిత పోయి పక్కనే కూర్చుంది. ఆమె వీపు మీద చేయి వేయబోయి, మళ్లీ ఏమనుకుంటుందోనని భుజానికి భుజం ఆనించింది.

చంద్రవ్వ కళ్లు తుడుచుకుని అడిగింది. "మరి గిన్ని రోజులు ఎందుకు జెయ్యలేదు?"

"ఆ చిన్న ఫోన్ అక్కడి టవర్లకు కలవదట అత్తా. పక్కోళ్లను అడిగి చేసే సరికి గిట్లయింది. మన పెద్దది హుమేరా వాళ్ల సల్మాన్‌తోని పంపుతున్న."

కుమార్ మాట, దొంగ ఫోన్ మాట ఆమె ఎత్తలేదు. చంద్రవ్వ టవర్లను ఒక తిట్టు తిట్టింది. తర్వాత గొంతు సర్దుకుంది.

"ఏం తింటున్నడట?"

వనిత తెల్లబోయింది. "అడగలే."

"పండుకునే జాగ మంచిగున్నదట్నా?"

"అది గూడ అడగలే అత్తా."

"గంతసేపు ఏం మాట్లాడినవే మరి?"

వనిత తల వంచుకుని చెంగు మడతలు సర్దుకుంటూ ఉంటే చంద్రవ్వ ఆమె చెవుల ఎరుపు చూసింది.

"ఆ సల్మాన్ ఎన్నడు పోతడు?"

"శుక్కురారం."

"మూడొద్దులున్నది," అంటూ చంద్రవ్వ మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచింది. వంటింట్లో దీపం వేసి, డబ్బాల మూతలు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. "సకినాలకు బియ్యప్పిండి పట్టిచ్చుకరావాలె. నువ్వులున్నయి. వాడు వాము ఎక్కువెయ్యమంటడు. కాళ్లు కడుక్కోని రా, ముందుగాల ఇద్దరం ఇంత తిందాం. నాకు ఆకలైతున్నది."