కొయ్యగంటకి లేని దెబ్బ

తప్పులుంటే సర్దుకుని చదవండి. అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. ఒక వాక్యం రాసేలోపు పొయ్యి మీద అన్నం అడుగంటుతుంది.

ఆ మధ్యాహ్నం కర్రపెండలం ముక్కలు చాప మీద ఎండబోసి, ఊరి చావడిలో ఆడవాళ్ల చదువుకి వెళ్లాను. మా పంతులమ్మ రెత్నో, మనవల ముందు మేం తెల్లమొహం వెయ్యకూడదని రోజుకో ఇంగ్లీషు మాట నేర్పుతుంది. ఆ రోజు మాట హిట్. బంతిని కొట్టినా హిట్టే, పాట జనానికి నచ్చినా హిట్టే, తుఫాను ఊరి మీద పడినా హిట్టే అంది.

"ఒక్కదానికే అంత చాకిరీనా! అచ్చం మా ఇంటి కోడలే," అంది టోఫు అమ్మే సుమిని అనే ఆవిడ. పగలబడి నవ్వాం.

ఆ మాటకి తలా ఒక ఉదాహరణ చెప్పమంది పంతులమ్మ. ఒకరు డప్పన్నారు, ఒకరు దోమన్నారు. మా పక్కింటి పిల్ల లస్త్రి వంతు వచ్చింది. ఎంత ఉక్కగా ఉన్నా పొడుగు చేతుల రవికే వేసుకుంటుంది.

"తలుపు నన్ను కొట్టింది," అంది.

ఎవరూ నవ్వలేదు. వాళ్లింట్లో గదులకి తలుపుల్లేవు, గోనె పరదాలే. ఆ సంగతి అందరికీ తెలుసు.

చదువు ఆలస్యమైంది. ఇంటికొచ్చి పెండలం ముక్కలు తిరగేస్తుంటే లస్త్రి మొగుడు గియార్తో గొంతు వినిపించింది. "నేనొచ్చేసరికి టీ చుక్క లేదు గానీ, దొరసానికి ఇంగ్లీషు కావాల్సొచ్చిందా?" తర్వాత ఆ చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడే. పోయిన మా ఆయన ఊరి కాపలా జట్టులో పెద్ద. తెల్లవార్లూ ఊళ్లోకి దొంగ రాకుండా కాసి, ఇంటికొచ్చి నన్ను కొట్టేవాడు. "ఊరంతటినీ కాసేవాణ్ణి, నాకే ఎదురు చెబుతావా?" అనేవాడు. ఆ జట్టు మొత్తానికి కాఫీ, వేయించిన పెండలం మోసింది నేనే. కాపలా పాకలో వేలాడే పనసచెక్క కొయ్యగంటకి బూజు దులిపిందీ నేనే. దాన్ని మోగించడం మాత్రం మగవాళ్ల పని. "ఆడదాని దెబ్బ తగిలితే దాని గొంతు పోతుంది," అనేవాడు. నా గొంతు ఎప్పుడు పోయిందో ఆయన అడగలేదు.

వాళ్ల వాకిట్లోకి వెళ్లి, "గియార్తో, ఆపరా!" అని అరిచాను.

"నీ పెండలం నువ్వు చూసుకో ముసలీ. ఇది మా ఇంటి సంగతి," అన్నాడు లోపల్నించే.

ఇంతలో లస్త్రి ఏడుపు ఆగిపోయింది. ఏడుపు కంటే అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

కాపలా పాకకి పరుగెత్తాను. గోడ మీద, దేనికి గంట ఎన్ని దెబ్బలు కొట్టాలో రాసిన బల్ల ఉంది. ఇన్నేళ్లూ దాని దుమ్ము తుడిచాను, మొదటిసారి చదివాను. చావుకి ఒక్కో దెబ్బ. దొంగకి రెండు. నిప్పుకి మూడు. వరదకి నాలుగు. పశువుల దొంగకి అయిదు. మళ్లీ పైనుంచి కిందికి వెతికాను. ఇంట్లో ఆడదాన్ని కొడుతుంటే ఎన్నో ఎక్కడా లేదు. ఊరుకుంటే చివరికి ఆ మొదటిదే కొట్టాల్సొస్తుంది. కర్ర తీసుకుని అయిదు కొట్టాను. మళ్లీ అయిదు. దాని గొంతు పోలేదు.

పొలాల్లోంచి మగవాళ్లు కొడవళ్లతో పరుగెత్తుకొచ్చారు. అందరికంటే ముందు మా వీధి పెద్ద దర్మో.

"ఎవరి ఆవు పిన్నీ? ఎటు పోయాడు వాడు?"

"రండి," అని గియార్తో వాకిట్లోకి తీసుకెళ్లాను. పరదా లాగేశాను. వాడి చేతిలో బెల్టు ఇంకా పైకే ఉంది. నేలమీద లస్త్రి, నోటికి పమిట అడ్డం. ఊపిరి ఉంది.

గియార్తో చెయ్యి దించాడు. కొడవళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.

దర్మో గొంతు తగ్గించాడు. "ఇంటి గొడవకి గంట కొట్టకూడదు పిన్నీ. అదీ అబద్ధపు దెబ్బ."

"నిజం దెబ్బ ఏదో చెప్పు నాయనా. అదే కొడతాను."

లస్త్రిని లేవదీసి మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరే ఉంది. బెల్టు దెబ్బలు మానాయి. పొట్టి చేతుల రవికలు కుట్టించుకుంది.

మర్నాడు పొద్దున్నే బొగ్గుముక్క పట్టుకుని పాకకి వెళ్లాను. బల్ల మీద అయిదో వరస కింద, వంకర అక్షరాలతో రాశాను: ఆడదాన్ని కొడుతుంటే, జనం వచ్చేదాకా ఆపకుండా.

వాన జల్లుకి అది చెరిగిపోతూ ఉంటుంది. చెరిగినప్పుడల్లా వెళ్లి రాస్తాను.

తుకియెం, అరవై నాలుగేళ్లు, వొనొగిరి కొండల కింద, లస్త్రితో కలిసి.