నవ్వినంక ముట్టియ్యి

"నువ్వు పండ్లికిలిచ్చినందుకే ఆము కూలింది," అంది గుర్వమ్మ.

గోపమ్మ పగిలిన కుండల పెంకులు ఊడుస్తోంది. అత్త మాటకు చీపురు ఆగలేదు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తోంది, కుప్ప చేసి మళ్లీ చెదరగొడుతోంది. చేతులు ఊరుకోనంటున్నాయి, మనసు అంతకన్నా ఊరుకోనంటోంది.

నిన్న సాయంత్రం సంగతి ఇది. కుండలు కాల్చే ఆముకు పసుపు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆమె మొగుడు కాటమయ్య కళ్లు మూసుకుని మొక్కుతున్నాడు. ఆము ముట్టించేవేళ ఇంటి ఆడది నవ్వకూడదు, నవ్విందా కుండ పగులుతుంది. ఆ కుమ్మరింటి కట్టడి అది. సరిగ్గా అప్పుడే మేకపిల్ల ఒకటి వెనకనుంచి వచ్చి, మొక్కుతున్న మనిషి ధోతి కొసను తీరిగ్గా నమలడం మొదలుపెట్టింది. గోపమ్మ పెదవి కొరుక్కుంది, కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగుతుందా, ఎవరికైనా ఆగుతుందా చెప్పండి! పకపకా నవ్వేసింది. రాత్రి బాగా పొద్దుపోయాక గాలిదుమారం లేచింది, దాని వెనకే ఎండాకాలపు వాన. ఆము మీది గడ్డీ మట్టిపూతా కొట్టుకుపోయి, ఎర్రగా కాలుతున్న కుండల మీద నీళ్లు పడ్డాయి. అవి పగిలిన చప్పుడు ఊరంతా విన్నది. అదే ఊరి ఐలేశం బిడ్డ పెళ్లికని చేసిన ఐరేని కుండలు కూడా అందులోనే పోయాయి. కుమ్మరింటి నుంచి ఆ కుండలు డప్పులతో కదిలితేగాని పందిట్లో పెళ్లి కదలదు. పెళ్లేమో పున్నమికి.

తెల్లారేసరికి కాటమయ్య మంచమెక్కి ముసుగు తన్నాడు. ఇరుగుపొరుగు వచ్చి, "పాపం, మొగోడు కుంగిపోయిండు," అని చూసిపోతున్నారు. గోపమ్మను ఎవరూ చూడలేదు. ఆ మట్టి తవ్వి తెచ్చింది ఆమె, రాళ్లేరి తొక్కింది ఆమె, కంపలు మోసింది ఆమె. నష్టం మాత్రం మొగుడికొచ్చిందట, తప్పు ఆమెది అయిందట. బాగుంది వరస!

కాసేపటికి గుర్వమ్మ గొంతు మెత్తబడింది. "ఓ గోపీ, జర వాని కాడికి పోయి ఏదన్న ముచ్చట చెప్పరాదే. నువ్వు నవ్విస్తెనే లేస్తడు వాడు. నువ్వు నవ్వకుంటె ఇల్లు ఇల్లు లెక్కలేదు."

చీపురు అప్పుడు ఆగింది.

నవ్వి ఆము కూల్చిందీ తనే, నవ్వి మొగుణ్ని లేపాల్సిందీ తనేనా? గాడిద చచ్చిననాడు ఇంతే. తిరుమలగిరి అంగట్లో కొత్తగా సత్తు గిన్నెలు దిగి, తెచ్చిన కుండలు తెచ్చినట్టే మోసుకుపోయిననాడూ ఇంతే. మెడ నరాలు గుంజుతుంటే, ఆ గిన్నెలవాడు సత్తు గిన్నె మీద వేలితో కొట్టి అరిచే అరుపు అరిచి చూపిస్తూ ఇల్లు చేరేదాకా మొగుణ్ని నవ్వించింది. ఆఖరికి తన కాన్పులో పుట్టిన ఆడపిల్ల పోయిననాడు కూడా! ఒంటి పచ్చి ఆరకముందే అత్త వచ్చి, "లే బిడ్డా, నువ్వే గిట్ల పంటె వాడేం గావాలె?" అంది. లేచింది. ఏదో పిచ్చిమాట చెప్పింది. మొగుడు నవ్వాడు, తిన్నాడు. "గోపమ్మ గట్టిది, ఏమొచ్చినా నవ్వుకుంటనే ఉంటది," అని ఊరంతా మెచ్చుకుంది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటే ఆ గట్టిమనిషి మట్టి తొక్కింది. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతుంది. బిడ్డ కోసం ఆమె ఇంతవరకు ఏడవనే లేదు.

చీపురు పక్కన పెట్టి లోపలికి పోయి, చాప పరుచుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని పడుకుంది.

"ఏందే? ఏమైంది నీకు?" గుర్వమ్మ గాబరాగా వచ్చింది.

"నాయి గూడ పలిగినయత్తా. జర పండనియ్యి."

ఆ తర్వాత ఏడ్చింది. కడుపులోంచి ఏడుపు తెగకుండా వచ్చింది. గుర్వమ్మ గొణుక్కుంటూ పోయి పొయ్యి ముట్టించింది. కాటమయ్య ముసుగు తీసి లేచి కూర్చున్నాడు. పెళ్లాం ఏడుపు అతనెప్పుడూ వినలేదు. లోపలికొచ్చి చాప పక్కన చతికిలబడ్డాడు.

"కుండలకేనా?"

"బిడ్డకు."

"నువ్వు గట్టిదానివనుకున్న," అన్నాడు.

"గట్టిదాన్ని గాదు. లేపెటోళ్లు లేక నేనే లేచిన."

కాటమయ్య పోయి జొన్నగటక గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పెట్టి, ఆమె తినేదాకా అక్కడే కూర్చున్నాడు.

మర్నాడు గోపమ్మ లేచేసరికి అతను మట్టి తొక్కుతున్నాడు. తొక్కడమంటే ఏం తొక్కుడు, నడుం పట్టుకుని మూలుగుతున్నాడు. "మడిమెతోని తొక్కయ్యా, అట్ల వేళ్లతోని గిలిగింతలు పెడ్తె మట్టి మాట ఇంటదా?" అంటూ తనూ దిగింది. ఒళ్లు తేలికగా ఉంది, అది ఆమెకే విచిత్రం. ఇద్దరూ తొక్కారు, కుమ్మరి సారె తిరిగింది, కుండలు ఆరాయి. పున్నమికి ముందే కొత్త ఆము పేర్చారు.

ఐలేశం కూడా వచ్చి నిలబడ్డాడు. బొట్లు పెట్టారు, కాయ కొట్టారు. గుర్వమ్మ కోడలి వైపు ఉరిమి చూసి, నోటి మీద వేలు పెట్టుకుంది. కాటమయ్య గడ్డి చుట్ట వెలిగించి ఆము దగ్గరికి వంగాడు.

"ఆగు," అంది గోపమ్మ. "నేను నవ్వినంక ముట్టియ్యి."

"ఓయమ్మో! మల్ల కూలుస్తవానే?" గుర్వమ్మ గుండె బాదుకుంది.

"కూలితే మల్ల పేరుస్త అత్తా. పేర్చేది నేనే గద."

కాటమయ్య తల్లి వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. చుట్ట దించలేదు. గోపమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. నవ్వు వెంటనే రాలేదు. రమ్మని ఆమె బలవంతపెట్టలేదు కూడా. ఈలోగా గడ్డి కాలి కాలి కాటమయ్య వేళ్లకు తాకింది. "అవ్వో!" అని చుట్ట పారేసి, ఒంటికాలి మీద ఎగిరాడు.

గోపమ్మ నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకోకుండా, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

ఆ నవ్వు అయ్యేదాకా ఎవ్వరూ ఆము ముట్టించలేదు.